కొత్త వాష్ బేసిన్‌లో నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయా? గోడ పగలగొట్టే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖ మధురవాడలో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. బాత్రూమ్ పని ఈమధ్యే చేయించారు. గోడకి బిగించిన పాత బేసిన్ (అందులో నీళ్లు బాగానే పారేవి) తీయించి, గ్రానైట్ పలక వేయించి, దానిమీద టేబుల్‌టాప్ బేసిన్ పెట్టించారు. పైన నొక్కితే తెరుచుకునే పాప్-అప్, కింద క్రోమ్ బాటిల్ ట్రాప్ (డ్రైనేజీ వాసన రాకుండా కాసిని నీళ్లు నిలిపి ఉంచే కప్పు). మొదటి రోజు నుంచే నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. కుళాయి సగం తిప్పినా రెండంగుళాల నీళ్లు నిలబడుతున్నాయి, మధ్యమధ్యలో గుడగుడమంటోంది. డ్రెయిన్ పౌడర్ రెండు ప్యాకెట్లు పోసినా మార్పు లేదు. ప్లంబరేమో గోడ పగలగొట్టాలంటున్నాడు. పగలగొట్టించాలా?

వద్దండి, కనీసం ఇప్పుడే వద్దు. మొదటి రోజు నుంచే నెమ్మదిగా దిగుతోందంటే తప్పు చెత్తలో లేదు, బిగింపులో ఉంది. జుట్టూ సబ్బు జిడ్డూ పేరుకుని పైపు మూసుకుపోవడానికి నెలలు పడుతుంది. మీ లక్షణాలు చూస్తే నా మొదటి అనుమానం బాటిల్ ట్రాప్ నుంచి గోడలోకి వెళ్లే అడ్డ పైపు మీద. అవసరానికి మించి లోపలికి దూర్చేస్తే దాని మూతి గోడలోని ఎల్బోకి, అంటే పైపు మలుపు ముక్కకి, ఆనుకుపోతుంది. రెండో అనుమానం ఆ పైపు వాటం (వాలు) మీద, మూడోది పాప్-అప్ దగ్గర ఇరుక్కునే గాలి మీద. ఈ మూడూ చాలాసార్లు స్పానరూ హాక్సా బ్లేడుతో సరయ్యేవే. టైల్ పని కూడా జరిగింది కాబట్టి పైపులో సిమెంటో జాయింట్ ఫిల్లరో (టైల్ సందుల్లో నింపే ముద్ద) పడి ఉండే అవకాశం నాలుగోది. ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. దానికి కూడా సుత్తి చివరి మాట.

ముందు కొలవండి. బేసిన్ మూసి సరిగ్గా 5 లీటర్లు పోయండి. పాప్-అప్ తెరిచి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. 10 నుంచి 20 సెకన్లలో ఖాళీ అయితే బేసిన్ బాగున్నట్టే. 30 దాకా ఓర్చుకోవచ్చు. 40 దాటితే లోపం ఉంది. కుళాయి వైపు కూడా ఒకసారి చూడాలి. టాంకు ఎత్తులో ఉండి మీరు కింది అంతస్తుల్లో ఉంటే ప్రెషర్ ఎక్కువ వస్తుంది. లీటరు జగ్గు 5 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు వస్తున్నట్టు. సరిగ్గా బిగించిన 32 మి.మీ. వేస్ట్ లైను అంత నీటిని ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంటుంది. తీసుకోలేకపోతే కుళాయికి ఏరేటర్ (ధార తగ్గించే జల్లెడ) తగిలించి సర్దుకోమనే సలహా ఎవరైనా ఇస్తారు. అది జ్వరానికి దుప్పటి కప్పినట్టే, వినకండి.

ఎంతసేపు పట్టిందన్నదాని కంటే ఎలా దిగిందన్నది ఎక్కువ చెబుతుంది. మొదట్లో కదలకుండా నిలబడి, రెండు మూడు బుడగలు వచ్చాక ఒక్కసారి గుటుక్కున లాగేస్తే అది గాలి సమస్య. మొదటి లీటరో రెండు లీటర్లో చకచకా పోయి, ఆ తర్వాత ఆగిపోతే అడ్డు దూరంలో ఉంది. 40 మి.మీ. పైపు మీటరు పొడవుకి సుమారు లీటరు నీళ్లు పడతాయి కాబట్టి, ఎన్ని లీటర్ల తర్వాత ఆగిందో చూస్తే అడ్డు ఎంత దూరంలో ఉందో ఒక అంచనా కూడా వస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా సన్నగా దిగుతుంటే దారి దగ్గర్లోనే ఇరుకైపోయింది: కప్లింగ్ (బేసిన్ అడుగు రంధ్రంలో బిగించే గొట్టం), ట్రాప్, లేదా గోడలో పైపు మూతి.

తర్వాత బకెట్ పరీక్ష. అయితే మీరు డ్రెయిన్ పౌడర్ పోశారు కదా, ట్రాప్ విప్పే ముందు ఒక జాగ్రత్త. ఆ పొడుల్లో ఉండేది ప్రధానంగా కాస్టిక్ సోడా. నీళ్లు సరిగా పారని చోట అది ట్రాప్ అడుగున గడ్డకట్టి కూర్చుంటుంది. చేతికి తగిలితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రెండు మూడు బకెట్ల చల్లనీళ్లు మెల్లగా పోసి కడిగించాకే, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని విప్పండి. కాస్టిక్ పోసిన లైన్లో యాసిడ్ మాత్రం పోయవద్దు. ఆ రెండూ కలిస్తే వేడికి మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

ట్రాప్ కింద బకెట్ పెట్టండి. అడుగు కప్పు చేత్తోనే తిరుగుతుంది. బిగుసుకుపోతే నట్టుకి గుడ్డ చుట్టి రెంచ్ పెట్టండి, లేకపోతే క్రోమ్ గీరుకుపోతుంది. కప్పు కడిగేశాక మొత్తం ట్రాప్ ఊడదీయండి. ఇప్పుడు బేసిన్లో మళ్లీ 5 లీటర్లు పోసి వదలండి, కప్లింగ్ నుంచి సూటిగా బకెట్లో పడాలి. ఇక్కడే నెమ్మదిగా పడితే తప్పు పాప్-అప్‌లోనో కప్లింగ్‌లోనో ఉంది, గోడ జోలికి పోనక్కర్లేదు. ధారగా పడితే, ఒక గరాటు పెట్టి గోడలోని పైపులోకి రెండు మూడు లీటర్లు పోయండి. గోడ పైపు గటగటా తాగేస్తే తప్పు ట్రాప్‌లోనో దాని అడ్డ పైపులోనో ఉంది. గోడ పైపే వెనక్కి పొంగితే అప్పుడు మాత్రమే గోడ లోపలి సంగతి ఆలోచించాలి. మీ ప్లంబర్ ఈ పరీక్ష చేయకుండా గోడ అంటుంటే, అది ఊహే.

ఇక అడ్డ పైపు సంగతి. బాటిల్ ట్రాప్‌తో వచ్చే క్రోమ్ పైపు సాధారణంగా 30 సెం.మీ. ఉంటుంది. గోడకీ ట్రాప్‌కీ మధ్య దూరం చాలా బాత్రూముల్లో 15 నుంచి 20 సెం.మీ. మించదు. మిగిలిన పొడవుని కోయాలి. కోయాలంటే హాక్సా తీయాలి, అంచు రాయాలి, అరగంట పని. అందుకని కోయకుండా గోడలోకి తోసేస్తారు. గోడ రంధ్రాన్ని పైన మెరిసే ఫ్లాంజ్ (గుండ్రటి బిళ్ల) కప్పేస్తుంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు. గోడలో ఉన్న పీవీసీ పైపు కొద్ది దూరం వెళ్లి ఎల్బోతో కిందికి తిరుగుతుంది. క్రోమ్ పైపు మూతి ఆ మలుపు వెనక వైపుకి తగిలితే, నీళ్లు పోవడానికి అంచున నెలవంకంత సందు మిగులుతుంది. కాసిని నీళ్లు దిగుతూనే ఉంటాయి కాబట్టి, పైపు అంతా సరిగ్గానే ఉంది, లైనే జామ్ అయ్యింది అనిపిస్తుంది.

దీనికి ట్రాప్ మొత్తం విప్పకుండానే ఒక పరీక్ష ఉంది. ట్రాప్ దగ్గర ఆ పైపుని పట్టి ఉంచే నట్టు వదులు చేసి, ఫ్లాంజ్ వెనక్కి జరిపి, పైపుని గోడలోంచి రెండు మూడు సెం.మీ. బయటికి లాగండి. ట్రాప్ వైపు ఖాళీ లేకపోతే ట్రాప్‌ని కాస్త పక్కకి తిప్పి లాగండి. కింద బకెట్ పెట్టి కుళాయి వదలండి. కుళాయి తిప్పీ తిప్పగానే నీళ్లు నిలబడకుండా పోతే దొంగ దొరికినట్టే. అప్పుడు పైపు పూర్తిగా తీసి, గోడ రంధ్రంలో స్టీలు టేపు పెట్టి ఎల్బో వెనక గోడ దాకా ఎంత లోతుందో కొలవండి. 9 సెం.మీ. వచ్చిందనుకుందాం. పైపు లోపలికి 5 సెం.మీ. పోతే చాలు. దాని మూతికీ ఎదుటి గోడకీ మధ్య కనీసం 4 సెం.మీ. ఖాళీ ఉండాలి. బయటి దూరానికి ఈ 5 కలిపి, ట్రాప్ నట్టులో దూరే రెండు సెం.మీ. కలిపి, మిగతాది కోసేయండి. కోశాక లోపలి అంచు మీద లేచిన రజను ఆకురాయితో తీసేయాలి. అది వదిలేస్తే రేపు జుట్టు పట్టుకునేది అక్కడే. కొంతమంది పైపు మూతిని ఏటవాలుగా కోసి అలాగే దూర్చేస్తారు. దాంతో కొంత పారుతుంది గానీ అది సగం వైద్యమే.

32 మి.మీ. పైపు 40 లేదా 50 మి.మీ. పీవీసీలోకి వెళ్తుంది. చుట్టూ మిగిలే సందుకి రబ్బరు రింగు దొరుకుతుంది, అది పెట్టండి. వైట్ సిమెంటు, గుడ్డపీలిక, ఎం-సీల్ ముద్ద పెట్టి మూస్తే ఆ ముద్ద లోపలికి జారి దానంతట అదే ఒక అడ్డు అవుతుంది. అలాగని సందు వదిలేయకూడదు. బొద్దింకలూ వాసనా వచ్చేది అక్కడి నుంచే.

వాటం. మీ ఇంట్లో ఇది మొదటి అనుమానంతో దాదాపు సమానం, ఎందుకంటే పాత గోడ రంధ్రానికి కొత్త ఎత్తులో ఉన్న బేసిన్ తగిలించారు. గోడలో వేస్ట్ రంధ్రం సాధారణంగా నేల నుంచి 45-50 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. పాత గోడ బేసిన్‌కి కప్లింగ్ ఎక్కడో పైన ఉండేది, కాబట్టి నీళ్లు దిగుతూ పోయేవి. టేబుల్‌టాప్‌కి గ్రానైట్ పలక కిందికి దిగుతుంది, దాని కింద కప్లింగ్, దాని కింద ట్రాప్. చివరికి ట్రాప్ మూతి గోడ రంధ్రం కంటే కిందికి వచ్చేస్తుంది. అప్పుడు నీళ్లు ఎదురెక్కి పోవాలి. రసమట్టం అక్కర్లేదు, ఫోన్లోని లెవెల్ యాప్‌ని అడ్డ పైపు మీద పెట్టినా తెలుస్తుంది. మీటరుకి 2 నుంచి 2.5 సెం.మీ. వాటం కావాలి, అంటే 30 సెం.మీ. పైపుకి ముప్పావు సెం.మీ. ట్రాప్ వైపు ఎత్తు, గోడ వైపు పల్లం.

ట్రాప్ పైన ఉన్న నిలువు గొట్టం జారేది కాబట్టి, నట్టు వదులు చేసి ట్రాప్‌ని పైకి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. గొట్టం పొడవు అడ్డమొస్తే దాన్ని కోయండి, కప్లింగ్ మరలు మాత్రం కోయకండి. కొన్ని చౌక మోడళ్లలో ఈ గొట్టమే ట్రాప్ కప్పులోకి దిగుతుంది. మరీ కిందికి తోస్తే దాని మూతి కప్పు అడుగుకి దగ్గరైపోయి దారి మూసుకుపోతుంది. అడుగుకీ మూతికీ మధ్య రెండు సెం.మీ. అన్నా ఉండేటట్టు చూసుకోవాలి. అదే సమయంలో గొట్టం మూతి నీళ్లలో 5 సెం.మీ. మునిగి ఉండాలి, లేకపోతే డ్రైనేజీ వాసన ఇంట్లోకి వస్తుంది.

ట్రాప్ ఎంత పైకి జరిపినా గోడ రంధ్రమే ఎత్తులో ఉందనుకోండి. ఇక్కడ మాత్రం ఒకటో రెండో టైల్స్ తీసి రంధ్రాన్ని కిందికి దించడం తప్ప మార్గం లేదు. పలక కింద అల్మారా ఉంటే ఆ మచ్చ బయటికి కనబడదు.

ముడతల ప్లాస్టిక్ వేస్ట్ పైపు, అదే సాగదీస్తే సాగేది, పెట్టి ఈ ఎత్తు తేడాని సర్దేస్తామనే వాళ్లుంటారు. కిందికి ఉయ్యాలలా వేలాడి మళ్లీ పైకెక్కితే ఆ పల్లంలో నీళ్లు ఎప్పుడూ నిలబడే ఉంటాయి, ముడతల్లో మురికి పడుతుంది. అది పెట్టక తప్పకపోతే పొడవు తక్కువ చేసి కోసి, ఎక్కడా వేలాడకుండా పెట్టించండి. ఒకే లైన్లో ముడతల పైపుకి కూడా మెలిక తిప్పి ట్రాప్ చేసి, మళ్లీ బాటిల్ ట్రాప్ కూడా పెట్టడం ఇంకో పొరపాటు. రెండు చోట్ల నీళ్లు నిలబడితే మధ్యలో ఉన్న గాలికి పోవడానికి దారి ఉండదు.

పాప్-అప్, కప్లింగ్, గాలి. టేబుల్‌టాప్ బేసిన్లలో చాలావాటికి పైన ఓవర్‌ఫ్లో రంధ్రం ఉండదు. మీ బేసిన్ లోపలి గోడ మీద, అంచుకి కాస్త కింద, రంధ్రం ఉందో లేదో చూడండి. ఉంటే హాఫ్ థ్రెడ్ కప్లింగ్ పడాలి, దానికి పక్కన గాళ్లు (ఓవర్‌ఫ్లో నీళ్లు లోపలికి వచ్చే సందులు) ఉంటాయి. లేకపోతే ఫుల్ థ్రెడ్, గాళ్లు ఉండవు. షాపులో రెండూ ఒకేలా మెరుస్తూ ఉంటాయి, కాబట్టి తారుమారు కావడం తరచూ జరిగేదే. ఓవర్‌ఫ్లో ఉన్న బేసిన్‌కి ఫుల్ థ్రెడ్ పెడితే ఆ రంధ్రం అలంకారానికే మిగులుతుంది. దాని గుండా గాలి రాదు, నీళ్లు నిండినా పోవు. ఓవర్‌ఫ్లో లేనిదానికి హాఫ్ థ్రెడ్ పెడితే గాళ్లలోంచి నీళ్లు పలక కింద చెమ్మగా కారతాయి.

ఓవర్‌ఫ్లో లేనప్పుడు నీళ్లు దిగడానికీ, కింద గొట్టంలోని గాలి పైకి రావడానికీ ఒకటే దారి. పాప్-అప్ మూత తెరుచుకున్నప్పుడు చుట్టూ ఉన్న సందు సన్నగా ఉంటే రెండూ అక్కడ కుమ్ములాడుకుంటాయి. గుడగుడ దానిదే. మూతని అపసవ్యంగా తిప్పితే ఊడొస్తుంది. మూత లేకుండా 5 లీటర్లు వదిలి చూడండి. చటుక్కున దిగితే తప్పు మూతది. కింద ఉన్న స్క్రూతో మూత ఎత్తు పెంచండి, తెరిచినప్పుడు చుట్టూ 8-10 మి.మీ. సందు ఉండాలి. అలా పెంచే వీలు లేని రకమైతే మూత పెట్టే పని లేని జాలీ రకం కప్లింగ్‌కి మార్చేయండి. రోజూ ముఖం కడుక్కునే బేసిన్‌లో నీళ్లు నిలబెట్టుకునే అవసరం ఎంతమందికి ఉంటుంది చెప్పండి. పాప్-అప్ అందానికే.

మూత తీసినప్పుడు టార్చి వేసి లోపలికి చూడండి. కప్లింగ్ చుట్టూ పెట్టిన సిలికాన్ లోపలికి పిండుకుని వచ్చి ఎండిపోయి ఉండొచ్చు. రబ్బరు వాషర్ పక్కకి జరిగి సగం దారి మూసి ఉండొచ్చు. కొత్త సామానుకి చుట్టిన ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించి ఉండొచ్చు. టెఫ్లాన్ టేపు తోక వేలాడుతుండొచ్చు. వీటికి బ్లేడూ పట్టకారూ చాలు.

గోడ పైపే పొంగితే. ఇక్కడ మొదట అడగాల్సింది: టైల్ పని జరిగినప్పుడు ఆ పైపు మూతికి ఏం పెట్టారు? సిమెంటు పడకుండా తాపీ మేస్త్రి సిమెంటు సంచి ముక్కో, గుడ్డో, థర్మాకోల్ ముక్కో కుక్కుతాడు. అది తీయడం ఎవరికీ గుర్తుండదు, బేసిన్ బిగించేటప్పుడు క్రోమ్ పైపే దాన్ని ఇంకా లోపలికి నెడుతుంది. టార్చి వేసి చూడండి, వంపు తిరిగిన తీగతో లాగండి. నీళ్లు కూడా పీల్చే రకం వాక్యూమ్ క్లీనర్ ఎక్కడైనా అరువు దొరికితే గోడ రంధ్రానికి గుడ్డ చుట్టి పెట్టి లాగండి, గుడ్డపీలికలూ టైల్ ముక్కలూ దానికి బాగా వస్తాయి. ప్లంజర్‌తో తోస్తే ఇవి ఇంకా దూరం పోయి కూర్చుంటాయి. కొత్త లైన్లో లాగడమే మేలు, తోయడం కాదు.

తర్వాత చేత్తో తిప్పే స్ప్రింగ్ వైరు, సన్నది, 3 నుంచి 5 మీటర్లు. అది తగిలిన తీరే లోపలేముందో చెబుతుంది. మెత్తగా ఆగి, తిప్పితే లోపలికి దిగితే గుడ్డో కాగితమో. టక్కుమని ఆగి కదలకపోతే గట్టిపడిన సిమెంటు, లేదా ఎల్బో మలుపు. ఎల్బో అయితే వైరు తిప్పుతూ నెమ్మదిగా నెడితే దాటుతుంది. బయటికి తీసినప్పుడు కొసకి బూడిదరంగు పేస్టు అంటుకుంటే టైల్ జాయింట్ ఫిల్లరో, టైల్ కోసిన మడ్డో. ఈ మడ్డి ఎంత త్వరగా పట్టుకుంటే అంత సులువు, స్ప్రింగ్ తిప్పుతూ నీళ్లు పోస్తూ ఉంటే కొట్టుకుపోతుంది. ఎపాక్సీ ఫిల్లర్ అయితే మాత్రం ఏ మందుకీ కరగదు, ఆ ముక్క పైపు కోయాల్సిందే.

మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ గురించి అడుగుతారని తెలుసు. సిమెంటుని అది తింటుంది, నిజమే. కానీ అందులోని ఇసుకని తినదు, ఇత్తడి ట్రాప్‌నీ క్రోమ్‌నీ గ్రానైట్ మెరుగునీ మాత్రం పాడుచేస్తుంది. మీ లైన్లో కాస్టిక్ పడింది కాబట్టి మీరు దాని జోలికే పోవద్దు. వేరేవాళ్లు ఎవరైనా తప్పనిసరై వాడితే ట్రాప్ విప్పేసి, గోడలోని పీవీసీలోకి మాత్రమే, బాగా పలచన చేసి, కొద్దికొద్దిగా పోయాలి. కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. కిటికీ తెరవాలి, బ్లీచింగ్ పౌడర్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. మరుగుతున్న నీళ్లు పోయమనే చిట్కా కూడా వద్దు. పీవీసీ 75-80 డిగ్రీలకే మెత్తబడి జాయింట్ల దగ్గర వంగుతుంది.

నేల జాలీ తీసి చూడండి. మన అపార్ట్‌మెంట్లలో బేసిన్ నీళ్లు చాలాచోట్ల సరాసరి డౌన్ పైపుకి (అన్ని అంతస్తుల నీళ్లూ కిందికి తెచ్చే నిలువు పైపు) పోవు, సంకెన్ స్లాబులోంచి (బాత్రూమ్ కింద పల్లంగా దించిన స్లాబు) నహానీ ట్రాప్‌కి (నేల జాలీ కింద ఉండే ట్రాప్) వెళ్తాయి. జాలీ ఎత్తి, ఒకరు బేసిన్‌లో బకెట్ నీళ్లు పోస్తుంటే ఇంకొకరు టార్చితో ట్రాప్‌లోకి చూడండి. నీళ్లు సన్నగా వస్తే అడ్డు బేసిన్‌కీ ట్రాప్‌కీ మధ్య ఉంది. ధారగా వచ్చి ట్రాప్‌లో మట్టం పెరుగుతూ ఉంటే అడ్డు ట్రాప్ అవతల ఉంది, అప్పుడు స్నానం నీళ్లు కూడా నిలబడాలి. బేసిన్ పైపు మూతి ట్రాప్ నీటి మట్టానికి పైన ఉండాలి. నీళ్లలో మునిగి ఉంటే బాటిల్ ట్రాప్‌కీ దీనికీ మధ్య గాలి బంధించబడి గుడగుడలు మొదలవుతాయి.

ఇక్కడ ఎవరూ చూడని ఒక సంగతి ఉంది. నాలుగు వైపులా దారులుండే మల్టీ ఫ్లోర్ ట్రాప్‌లలో చాలా రకాలకి పక్క దారులు మూసే వస్తాయి. కావాల్సిన దాన్ని ప్లంబరే హోల్‌సా (గుండ్రంగా కోసే రంపం) పెట్టి కోయాలి. హోల్‌సా లేని ప్లంబర్ కాల్చిన రాడ్డుతో పొడిచి, రూపాయి బిళ్లంత రంధ్రం చేసి పైపు అతికించేస్తాడు. కోసిన బిళ్ల పూర్తిగా ఊడకుండా ఒక పక్క వేలాడుతుండటమూ ఉంటుంది. జాలీ లోంచి వేలు పెట్టి తడిమితే రంధ్రం గుండ్రంగా, నిండుగా ఉందో లేదో తెలిసిపోతుంది. చిన్నదిగా ఉంటే పై నుంచే కత్తితో, ఆకురాయితో పెద్దది చేయొచ్చు, నేల తవ్వనక్కర్లేదు. బొద్దింకలు రాకుండా అని ట్రాప్‌లో పెట్టే మూత జాలీ కూడా పైపు మూతికి అడ్డంగా కూర్చుని ఉందేమో చూడండి.

వెంట్ (డ్రైనేజీ పైపుల్లోకి గాలి ఆడే దారి) సంగతి మీ విషయంలో నేను చివరికి పెడతాను, ఎందుకంటే పాత బేసిన్ ఉన్నప్పుడు బాగానే పారింది కదా. కానీ పక్క ఫ్లాటువాళ్లు ఫ్లష్ చేసినప్పుడు మీ బేసిన్ గుడగుడమన్నా, ట్రాప్‌లో నీళ్లు వాటంతటవే మాయమై వాసన వస్తున్నా, టెర్రస్ ఎక్కి డౌన్ పైపుల పై మూతులు చూడండి. వాన పడుతుందని ఎవరో ఎండ్ క్యాప్ పెట్టేసి ఉంటారు, లేదా పిట్ట గూడు ఉంటుంది. అది అసోసియేషన్ పని, మీ ఒక్కరి ఖర్చు కాదు. గాలి లోపలికి మాత్రమే రానిచ్చే వాల్వ్ ఒకటి పెడతామని ప్లంబర్ అంటే, అది ట్రాప్ నీళ్లు లాగేసే జబ్బుకి పనికొస్తుంది గానీ, ఇరుక్కున్న గాలిని బయటికి పంపదు. కింది అంతస్తువాళ్లకైతే వేరే లెక్క. వానాకాలంలోనే నెమ్మదిస్తే బయటి డ్రైనేజీ ఛాంబర్ మూత ఎత్తి చూడాలి.

సామాను మార్చాల్సి వస్తే ఒక మాట. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఉప్పుగాలికి పలచటి క్రోమ్ పూత త్వరగా పొక్కిపోతుంది, నట్టు పట్టేసి తర్వాత విప్పుదామన్నా రాదు. మధురవాడ కూడా సముద్రానికి మరీ దూరమేం కాదు. నిండు ఇత్తడిది కొనండి, బరువు చూస్తేనే తెలుస్తుంది. ఆ ఖర్చు వద్దనుకుంటే అల్మారా లోపల కనబడేది కాదు కాబట్టి తెల్ల ప్లాస్టిక్ బాటిల్ ట్రాప్ నిక్షేపంగా పనిచేస్తుంది, మెరుపు లేదన్న లోటు తప్ప. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ట్రాప్ కప్పులో తెల్లటి సున్నపు పొర కడుతుంది, బీచ్ నుంచి వచ్చి బేసిన్‌లో చేతులు కడిగే పిల్లలుంటే అడుగున ఇసుక కూర్చుంటుంది. అందుకే అల్మారా తయారుచేయించేటప్పుడు వడ్రంగికి ముందే చెప్పండి, ట్రాప్ అడుగు కప్పు కిందికి ఊడి రావడానికి కనీసం జానెడు ఖాళీ వదలమని. అర ఆ కప్పుకి ఆనించి కొట్టేస్తే ఇసుక తీయాలన్నా అల్మారా విప్పాలి.

ప్లంబర్ మళ్లీ వచ్చినప్పుడు వాదన పెట్టుకోకండి. పైన చెప్పిన వరసలో బకెట్ పరీక్ష మీ ఎదురుగా చేయమనండి. గోడ పైపులో గరాటుతో మూడు లీటర్లు పోసినప్పుడు పొంగిందా లేదా, అంతే ప్రశ్న. పొంగకపోతే, గోడ రంధ్రం ట్రాప్ మూతి కంటే ఎత్తులో లేకపోతే, గోడ పగలగొట్టే మాట అక్కడితో ఆగిపోతుంది. పొంగి, స్ప్రింగ్‌కి కూడా లొంగకపోతే, వైరు ఎంత లోపలికి వెళ్లి ఆగిందో దాని మీద గుర్తు పెట్టించి కొలవండి, అప్పుడు మొత్తం గోడ కాకుండా ఆ ఎత్తులో ఒక్క టైల్ తీస్తే సరిపోతుంది. పని కోసం కొన్న టైల్స్‌లో రెండు మూడు మిగిలి ఉన్నాయేమో ముందే వెతికి పెట్టుకోండి, అదే షేడ్ మళ్లీ దొరకడం కష్టం.

బిగించడం అయ్యాక బేసిన్ నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి, వరసగా మూడుసార్లు. కుళాయి చుక్కలు జాయింట్‌ని పరీక్షించవు, నిండు బేసిన్ బరువే పరీక్షిస్తుంది. ప్రతి నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి రాత్రంతా వదిలేయండి. ఎక్కడ తడిస్తే ఆ నట్టు మరో పావు చుట్టు తిప్పండి, చేత్తోనే. రెంచ్ పెట్టి బిగిస్తే వాషర్ మడతపడి కారడం ఎక్కువవుతుంది. 5 లీటర్ల పరీక్ష మళ్లీ చేసి ఎన్ని సెకన్లు వచ్చిందో ఇక్కడ రాయండి. 20 దాటితే ఎలా దిగిందో కూడా చెప్పండి, మొదట్లో ఆగిందా, మధ్యలో ఆగిందా అన్నదాన్ని బట్టి తర్వాత ఏది విప్పాలో చెబుతాను.